పందొమ్మిది ఇళ్ళ దాలమ్మ

ఊళ్ళో కట్టే ప్రతి అపార్టుమెంటులోనూ పది ఫ్లాట్లకు ఒకటి చొప్పున పేదవాళ్ళకు కేటాయించి తీరాలని ప్రభుత్వం వారు ఉత్తర్వు పంపినప్పుడు, మా నీలంవలస పురపాలక సంఘంలో దాన్ని అందరికంటే ముందు చదివినవాణ్ణి నేనే. ప్రణాళికా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. వచ్చిన కాగితానికి నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, పట్టణ ప్రణాళికాధికారి భానోజీరావుగారి బల్ల మీద పెట్టడం నా ఉద్యోగం.

ఆయన ఉత్తర్వు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇది చారిత్రాత్మకమయ్యా" అన్నారు.

"అయితే అమలు మొదలుపెడదామా సార్?"

"చారిత్రాత్మకం అన్నాను. అమలు వేరు."

అమలు వేరే అయినా తప్పించుకోవడానికి వీల్లేకుండా ఆ ఉత్తర్వుకి ఒక తోక ఉంది. పేదల ఫ్లాట్లలో లబ్ధిదారులు 'వాస్తవంగా నివసిస్తూ' ఉన్నారని పై అధికారులు వచ్చి కళ్ళతో చూసుకోవాలి. ఆ తర్వాతే మొత్తం బిల్డింగుకి నివాసయోగ్యతా పత్రం. అది లేకపోతే మిగతా తొమ్మిది మందికీ కరెంటు మీటరు రాదు, కుళాయి రాదు, గృహప్రవేశం ఉండదు.

ఆ తోకకి మొదట చిక్కినవారు మహలక్ష్మినాయుడుగారు. మా ఊళ్ళో పెద్ద బిల్డరు. బైపాస్ రోడ్డులో 'మయూర శిఖరం' పేరుతో ఆయన కట్టిన బిల్డింగులో నలభై ఫ్లాట్లు. అందులో నాలుగు పేదలవి. ఆ నాలుగూ సెల్లారులో, జనరేటరు వెనకాల ఉన్నాయి. ఒక్కోదానికి ఒక గది, ఒక వంట గట్టు, గోడకి పైన జానెడు కిటికీ. తలుపుల మీద పే-1, పే-2, పే-3, పే-4 అని పెయింటుతో రాయించారు. 'పే' అంటే పేద. వాళ్ళు ముందు గేటులోంచి వస్తే మిగతావాళ్ళకి ఇబ్బంది గనక వెనక సందులోకి ఒక చిన్న గేటు పెట్టి, అది ఎవరికీ కనబడకుండా గుబురుగా క్రోటన్లు వేసి, పైన 'సామరస్య ద్వారం' అని బోర్డు తగిలించారు. ప్లానులో ఆ గేటు చూసి భానోజీరావుగారు చాలా సంతోషించారు. "సమ్మిళిత సమాజం" అని మార్జిన్లో రాసి సంతకం పెట్టారు.

ఇళ్ళయితే ఉన్నాయి. పేదలు దొరకలేదు.

నాలుగు ఫ్లాట్లకి నాలుగువందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుదారుకి సొంత ఇల్లు ఉండకూడదు, కానీ ఇదే ఊళ్ళో పదేళ్ళుగా ఒకే చిరునామాలో ఉన్నట్టు తన పేరు మీద రుజువు ఉండాలి. ఆ రెండూ ఒకచోట ఉన్న మనిషి నాలుగువందల పన్నెండు మందిలో ఒక్కరూ లేరు. నాలుగు రోజులు కూర్చుని అన్నీ తిరస్కరించాను. భానోజీరావుగారు జిల్లాకి నివేదిక పంపారు: 'నీలంవలస పట్టణ పరిధిలో అర్హులైన పేదలు లేరని సవినయంగా తెలియజేయడమైనది.' అది విజయమనే ఆయన అనుకున్నారు. మహలక్ష్మినాయుడుగారు అలా అనుకోలేదు. మర్నాడే ఆఫీసులో వాలారు.

"ఏటండీ బాబూ ఇది! ముప్పై ఆరు మంది నన్ను పీక్కు తింటన్నారు. ముహూర్తాలు దాటిపోతన్నాయి. నలుగురు బీదోళ్ళు దొరక్క నా బిల్డింగు ఆగిపోవడమేటండీ? రోడ్డు మీదికెళితే ఎక్కడ సూసినా ఆళ్ళే కదా!"

"కనబడేవాళ్ళు వేరు నాయుడుగారూ, అర్హులు వేరు" అన్నారు భానోజీరావుగారు. "అయినా తనిఖీ రోజున లోపల నివాసం కనబడటం ముఖ్యం. నివాసం అంటే ఏమిటి? పొయ్యి, పక్కబట్టలు, దండెం మీద చీర. ఆ దిశగా మీరు సానుకూలంగా ఆలోచించండి."

నాయుడుగారు అప్పటికప్పుడే ఆలోచించేశారు. ఆయన బిల్డింగుకి గురువులు అని ఒక వాచ్‌మన్ ఉన్నాడు. అతని భార్య దాలమ్మ. పునాదులు తవ్విన రోజు నుంచీ మూడేళ్ళుగా ఆ సైటులోనే, సిమెంటు రేకుల షెడ్డులో కాపురం. పగలు ఇసుక జల్లించేది, సాయంత్రం కొత్త గోడలకి నీళ్ళు కొట్టేది. గురువులు తల్లి అసిరమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది. ఆవిడకి ఆయాసం. వాన పడితే షెడ్డులో నేలంతా తడి. రాత్రంతా కూర్చునే ఉండేది. దాలమ్మ కూడా ఫ్లాటుకి దరఖాస్తు పెట్టుకుంది. చిరునామా గడిలో 'మయూర శిఖరం, షెడ్డు' అని రాయించింది. షెడ్డుకి డోరు నంబరు లేదని తిరస్కరించినవాణ్ణి నేనే.

తనిఖీ గురువారం అన్నారు. బుధవారం పొద్దున్నే నాయుడుగారి సూపర్‌వైజరు వచ్చి, సామాను తీసుకుని పే-1లోకి మారమన్నాడు.

"ఎన్ని దినాలకి?" అంది దాలమ్మ.

"రేపు సాయంత్రం దాకా."

"ఒక్క దినానికి కాపురమేటి బాబూ? పెళ్ళిచూపులా?"

"నీకెందుకు? కూర వండు. మసాలా వాసన రావాల."

పక్క ఫ్లాట్ల సమస్య కూడా సూపర్‌వైజరే తీర్చాడు. పే-1లో దాలమ్మ. పే-2లో గురువులు, పనికి వెళ్ళబోతున్నట్టు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. పే-3లో మంచం మీద అసిరమ్మ. పే-4 మాత్రం తాళం. బయట దండెం మీద రెండు చీరలు, ఒక లుంగీ. గృహస్థులు కూలికి వెళ్ళారని చెప్పాలి.

గురువారం పదకొండింటికి, తనిఖీకి జిల్లా నుంచి వచ్చిన ఉపసంచాలకులవారు కారు దిగారు. సామరస్య ద్వారం దగ్గర ఆకులు పక్కకి నెట్టి, వంగి లోపలికి వచ్చారు. పే-1 ముందు ఆగి, గిన్నె మూత తీయించి చూశారు.

"ఎలా ఉందమ్మా నీ సొంత ఇల్లు?"

"గది బాగానే ఉంది బాబూ. గాలాడదు. జనరేటరు ఏస్తే గోడ ఒణుకుద్ది. ముసిలమ్మకి ఆ పొగ పడదు."

ఆయన నా వైపు తిరిగారు. "రాసుకోండి. లబ్ధిదారు హర్షం వ్యక్తం చేశారు."

రాసుకున్నాను.

పే-2లో గురువులికి నమస్కారం పెట్టారు. పే-3లో అసిరమ్మ నిజంగానే దగ్గుతూ ఉంది. 'వృద్ధులకు సైతం ఆశ్రయం' అని రాయించారు. పే-4 దగ్గర లుంగీ పట్టుకుని చూసి, తడిగా ఉందని తృప్తిపడ్డారు.

ఆ వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించేటప్పుడు చిన్న ఇబ్బంది వచ్చింది. లబ్ధిదారు ఆధార్ లేకుండా అది ముందుకు పోదు. సిమెంటు పనిలో అరిగిపోయి గురువులి వేలిముద్రలు పడలేదు. అసిరమ్మకి కార్డే లేదు. నాలుగో ఇంట్లో మనిషే లేడు. దాలమ్మ వేలు ఒక్కటే పనిచేసింది. "నాలుగింటికీ అదే కొట్టవయ్యా" అన్నారు భానోజీరావుగారు. కొట్టాను. ఒకే మనిషికి నాలుగు ఇళ్ళేమిటని అనుమానపడే ఏర్పాటు ఆ కంప్యూటరులో లేదు.

"మరి చిరునామా రుజువు సార్?" అన్నాను.

"ఇంట్లో ఉన్నావిడకి చిరునామా ఎందుకుండదు? పే-1, మయూర శిఖరం."

శుక్రవారం నాడు పత్రం చేతికొచ్చింది. అంతకు ముందే, గురువారం నాలుగింటికి, దాలమ్మ కుటుంబం షెడ్డులోకి వెళ్ళిపోయింది.

ఈ సంగతి ఊళ్ళో బిల్డర్లకి తెలియడానికి ఒక పూట పట్టింది. పేదలు దొరక్క ఆగిపోయిన అపార్టుమెంట్లు ఇంకో నాలుగున్నాయి. వాళ్ళంతా కలిసి వచ్చి భానోజీరావుగారిని కలిశారు. ఆయన సమావేశం పెట్టి, మినిట్సు రాయించారు: 'నీలంవలసలో నివాసానుభవం గల పేద కుటుంబం ఒకటి అందుబాటులో ఉన్నందున, సదరు కుటుంబ సేవలను ఇతర సముదాయాలు కూడా వినియోగించుకొనవచ్చును.'

నెల రోజుల్లో దాలమ్మ నాలుగు చోట్ల సంసారం చేసింది. పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చేది. మంచం, గ్యాసు పొయ్యి, రెండు బిందెలు, దేవుడి పటం, అసిరమ్మ ఎక్కేవి. సాయంత్రానికి అన్నీ దిగేవి. పోను పోను దాలమ్మకి పని బాగా వంటబట్టింది. ఏ అధికారి గిన్నె మూత తీస్తాడో, ఏ అధికారి కుళాయి తిప్పుతాడో చెప్పేసేది. ఒకసారి ఒక బిల్డరు గోడకి కొత్త కేలండరు తగిలించబోతే, "అది తియ్యండి బాబూ. నిన్న దిగినోళ్ళనుకుంటారు. పాతది ఎయ్యండి, మూలన సిన్న సిరుగుండాల" అని సర్దింది. ప్రతిచోటా ఒక చీర పెట్టి పంపేవారు. ప్రతిచోటా కంప్యూటరు ఆవిడ వేలే అడిగేది.

మూడో అపార్టుమెంటులో మాత్రం ఒక సంగతి జరిగింది. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది, గాలి బాగా వచ్చింది. తనిఖీ అయిపోయి ఆటో వచ్చేసరికి అసిరమ్మ నిద్రపోతూ ఉంది. పడుకుని, అడ్డంగా, నోరు తెరిచి. మూడేళ్ళలో ముసలమ్మ అలా పడుకుని నిద్రపోవడం చూడలేదని గురువులు నాతో అన్నాడు. దాలమ్మ లేపనివ్వలేదు. బిల్డరు మనిషి గడియారం చూసుకుంటూ గంటసేపు తిట్టాడు. ఆఖరికి మంచంతో సహా ఎత్తి ఆటోలో పెట్టారు.

ఐదు అపార్టుమెంట్లు, మొత్తం పందొమ్మిది పేదల ఇళ్ళు, నూటికి నూరు శాతం నివాసం. రాష్ట్రంలో ఇంకే ఊరికీ నూరు శాతం రాలేదు. మా పురపాలక సంఘానికి బహుమతి ప్రకటించారు. రాజధాని నుంచి కార్యదర్శిగారు వచ్చి, టౌన్ హాల్లో సభ జరిపి, భానోజీరావుగారికి శాలువా కప్పారు. లబ్ధిదారుల తరఫున ఎవరికైనా వేదిక మీద కేటాయింపు పత్రం ఇవ్వాలన్నారు. ఎవరికివ్వాలన్న చర్చే రాలేదు. మా దగ్గర ఉన్నది ఒక్క దాలమ్మే.

పత్రం తయారుచేసింది నేను. పే-1 ఆవిడ చిరునామా అయిపోయింది గనక, ఇల్లు మయూర శిఖరం, పే-2. గుండ్రటి ముద్ర, భానోజీరావుగారి సంతకం, అన్నీ అసలువే. నకలు పత్రం ఎలా తయారుచెయ్యాలో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. దాలమ్మ అందుకుంది. చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు.

కిందికి దిగగానే సూపర్‌వైజరు చెయ్యి చాపాడు. "ఆ కాయితం ఇలా ఇచ్చీ."

"ఏ కాయితం?"

"ఇప్పుడు స్టేజీ మీద ఇచ్చినారు కదే."

"నాకిచ్చినారు."

"ఫోటో కోసం ఇచ్చినారే తల్లీ!"

"ఫోటోకి నవ్వినాను కదేటి. అది అయిపోనాది. కాయితం నాది" అని, పత్రాన్ని రేషను కార్డున్న పాలిథిన్ కవర్లో పెట్టి, నడుం దగ్గర దోపుకుని, రిక్షా కోసం చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

దాన్ని అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. మయూర శిఖరంలో గృహప్రవేశాలయ్యాయి. నివాసం మొదలైన బిల్డింగు ఆవరణలో తాత్కాలిక షెడ్లు ఉండకూడదని ఒక నిబంధన ఉంది. కొత్తగా ఏర్పడ్డ నివాసుల సంఘానికి కార్యదర్శి పట్నాయక్ మాస్టారు. కాలేజీలో ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. షెడ్డు వల్ల బిల్డింగు శోభ తగ్గుతోందని ఆయన ఫిర్యాదు ఇచ్చారు. షెడ్డు తొలగించమని నోటీసు టైపు చేసింది నేనే. వాచ్‌మన్ పని కూడా ఏజెన్సీకి ఇచ్చేశారు. వాళ్ళ మనుషులకి యూనిఫారం ఉంటుందట.

తొలగించిన రోజు నేను కూడా ఉండాలి గనక ఉన్నాను. సన్నగా జల్లు పడుతోంది. రేకులు ఊడదీసి లారీలో వేశారు. అసిరమ్మ పార్కింగులో ఎవరిదో కారు పక్కన చుట్టిన చాప మీద కూర్చుని ఎగశ్వాస తీస్తోంది. కారాయన వచ్చి, డోరు తెరవాలి, కాస్త జరగమన్నాడు. ముసలమ్మ జరగబోయి, లేవలేక, చేతులు నేలకి ఆన్చి అలాగే ఉండిపోయింది.

దాలమ్మ లారీ వైపు చూసింది. అత్త వైపు చూసింది. అత్తని రెక్క పట్టి లేపి, సెల్లారులోకి నడిపించుకెళ్ళి, పే-2 తలుపు తోసింది.

ఆ గదిలో అప్పటికి నివాసుల సంఘం వారి ట్రెడ్‌మిల్లు, రెండు డీజిలు డ్రమ్ములు, వినాయక చవితి పందిరి సామాను ఉన్నాయి. గురువులూ దాలమ్మా ఒక్కొక్కటే బయటికి లాగారు. పది నిమిషాల్లో అసిరమ్మ మంచం లోపల పడింది. ఇంకో పది నిమిషాల్లో ట్రెడ్‌మిల్లు మీద తడి బట్టలు ఆరుతున్నాయి.

పేదల ఇంట్లో పేదవాళ్ళు ఉంటున్నారన్న వార్త మర్నాడు పది గంటలకల్లా ఆఫీసుకి చేరింది.

"ఉంటున్నారా?" అన్నారు భానోజీరావుగారు. "అంటే... తనిఖీ లేకుండానే?"

"అవును సార్."

"దేనికి?"



మధ్యాహ్నానికి పట్నాయక్ మాస్టారు, నాయుడుగారు కలిసి వచ్చారు. మాస్టారు చాలా బాధపడ్డారు. "నేను పేదలకి వ్యతిరేకిని కానండీ. పేదరికం మీద పుస్తకం రాసినవాణ్ణి. కానీ దానికొక దూరం ఉండాలి కదా! మా మనవరాలు లిఫ్టు కోసం నిలబడితే చేపల పులుసు వాసన వస్తోంది. ఇది ప్రణాళికాబద్ధమైన అభివృద్ధేనా?"

విచారణ పెట్టారు. దాలమ్మకి సమన్లు పంపారు. ఎవరి ఇంట్లో ఉన్నావు, ఏ హక్కుతో ఉన్నావు అని అడగడానికి సిద్ధమయ్యారు. కానీ ఆవిడ పాలిథిన్ కవరు విప్పి, రాజధాని కార్యదర్శిగారి చేతుల మీదుగా ఇచ్చిన పత్రం బల్ల మీద పెట్టేసరికి ఆ దారి మూసుకుపోయింది. భానోజీరావుగారు తన సంతకాన్ని కాసేపు పరాయివాడి సంతకంలా చూశారు. తర్వాత కంప్యూటరులో దాలమ్మ వివరాలు తీయమన్నారు.

తీశాను. రెండు పేజీలు వచ్చాయి.

ఆయన ముఖం వెలిగింది. "దాలమ్మా, నీ పేరు మీద ఈ పట్టణంలో పందొమ్మిది గృహాలున్నట్లు కార్యాలయ రికార్డులు ధ్రువీకరిస్తున్నాయి. ఏమంటావు?"

దాలమ్మ కొంచెం తడబడింది. "పందొమ్మిదా?"

"పందొమ్మిది."

"మీ రికార్డులు అబద్ధమాడతాయేటి బాబూ?"

"ప్రభుత్వ రికార్డులు అబద్ధం ఎలా ఆడతాయి?"

"అయితే ఉన్నట్టే."

"విన్నారా?" అని భానోజీరావుగారు అందరి వైపూ తిరిగారు. "స్వయంగా ఒప్పుకుంది. పందొమ్మిది ఇళ్ళున్న మనిషి పేద ఎలా అవుతుంది? పేద కానివాళ్ళు పేదల ఇంట్లో ఎలా ఉంటారు?"

పట్నాయక్ మాస్టారు ముందుకు వంగారు. "ఈ ఊళ్ళో ఈవిడే అందరికన్నా ఆస్తిపరురాలు సార్. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి నేను కొనుక్కున్నది ఒక్కటి! నిజానికి పేదవాణ్ణి నేను."

"నాకు సొంతంగా ఒక్కటీ మిగల్లేదు. కట్టినవన్నీ అమ్మేసినాను" అన్నారు నాయుడుగారు.

"ముసిలమ్మకి మందేసే ఏళయింది. నానెళ్ళనా?" అంది దాలమ్మ.

ఆ సాయంత్రం భానోజీరావుగారు ఆజ్ఞ రాయించారు. సదరు దాలమ్మ సంపన్నురాలు గనక రేషను కార్డు రద్దు. పందొమ్మిది గృహాలు కలిగి ఉండి కూడా పేదరికం నటించింది గనక, పందొమ్మిదింటికీ ఇంటి పన్ను నోటీసులు వెంటనే జారీ చెయ్యాలి.

నేను కలం ఆపాను. "సార్, పన్ను వేస్తే ఆ ఇళ్ళు ఆవిడవేనని మనమే ఒప్పుకున్నట్టవుతుంది."

"నీకు పరిపాలనలో మనస్తత్వ శాస్త్రం తెలీదయ్యా. పందొమ్మిది నోటీసులు చూస్తే తెల్లారేసరికి ఊరు వదిలి పారిపోతుంది."

దాలమ్మ పారిపోలేదు. మర్నాడు పదిన్నరకి నోటీసుల కట్ట పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి ఏడ్చినట్టుంది.

"బాబూ, రేషను కార్డు తీసేసినారు. ఇయ్యన్నీ ఏటి? జైల్లో ఎడతారా?"

"జైలు కాదు. ఇంటి పన్ను. ఈ పందొమ్మిది ఇళ్ళూ నీవి గనక నువ్వు కట్టాలని."

"కడితే?"

"రసీదు ఇస్తారు. నీ పేరు మీద."

"రసీదిస్తే ఇల్లు నాదేనా?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో జనం అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు. చుట్టూ చూశాను. భానోజీరావుగారి తలుపు వేసి ఉంది.

"నోటీసు ఇచ్చారంటేనే నీదని అర్థం" అన్నాను. "పేదల ఇళ్ళ కింద ఉన్నాయి గనక పన్ను కూడా నామమాత్రమే. కట్టి రసీదు తీసుకున్నాక నిన్ను కదపడం కష్టం."

దాలమ్మ కట్టని ఒకసారి తిరగేసింది. ఒక్కొక్క కాగితం మీదా తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. పందొమ్మిది సార్లు. కట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున పన్నుల కౌంటరు ముందు పందొమ్మిది మంది వరసలో నిలబడ్డారు. ముందు దాలమ్మ. వెనక తాపీ పనివాళ్ళు, సెంట్రింగు కట్టేవాళ్ళు, ఇటుకలు మోసే ఆడవాళ్ళు. అందరూ ఆ ఐదు అపార్టుమెంట్లూ కట్టినవాళ్ళే. కట్టడం అయిపోగానే అందరి షెడ్లకీ నోటీసులు వెళ్ళాయి. అవీ నేను టైపు చేసినవే. ఒక్కొక్కరి చేతిలో దాలమ్మ పేరున్న ఒక్కో పన్ను నోటీసు, రెండో చేతిలో నలిగిన నోట్లు.

కౌంటరులో గుమాస్తా గాభరా పడి నా వైపు చూశాడు. పన్ను కడతామని వచ్చినవాణ్ణి వెనక్కి పంపడానికి ఏ నిబంధనా లేదు. కట్టించుకున్నాడు. రసీదులిచ్చాడు.

సాయంత్రానికి పందొమ్మిది ఇళ్ళలోనూ పొయ్యిలు వెలిగాయి. ఒకచోట అప్పటికే బిల్డరు ఆఫీసు పెట్టుకున్నాడు. కుర్చీలు వరండాలోకి వచ్చేశాయి. ఇంకోచోట పెంపుడు కుక్కల కోసం ఫ్యాను పెట్టిన గది ఉంది. ఫ్యాను ఉంచేసి కుక్కల్ని పైకి పంపారు. దాలమ్మ ఎవరికీ ఊరికే ఇవ్వలేదు. అద్దె మాట్లాడుకుంది, కొద్దిగానే. మూడో అపార్టుమెంటులో పెద్ద కిటికీ ఉన్న ఇంటికి మాత్రం తను మారింది. పే-2 ఒక మేస్త్రికిచ్చింది.

నాయుడుగారు పోలీసు స్టేషనుకి పరుగెత్తారు. ఎస్సై వచ్చి, రసీదులు చూసి, వాటి మీది పురపాలక ముద్ర చూసి, "ఈవిడ ఇల్లు ఈవిడ అద్దెకిచ్చుకుంటే నన్నేం చెయ్యమంటారు?" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

నాయుడుగారు మళ్ళీ మా ఆఫీసుకి వచ్చారు. ఈసారి కూర్చోలేదు. "ఆ నోటీసులు తప్పని రాసీండి సార్! అసలు దాలమ్మ ఎక్కడా కాపురం లేదని రాసీండి!"

"తక్షణం ఫైలు పెట్టు" అన్నారు భానోజీరావుగారు నాతో.

పెట్టాను. నోట్ ఫైల్లో నా పని వాస్తవాలు క్రమంగా రాయడం. రాశాను. దాలమ్మ నివాసం లేదంటే పందొమ్మిది ఇళ్ళ తనిఖీలూ అబద్ధమవుతాయి. తనిఖీలు అబద్ధమైతే ఐదు నివాసయోగ్యతా పత్రాలూ చెల్లవు. అవి చెల్లకపోతే నూట డెబ్భై ఒక్క ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు ఖాళీ చెయ్యాలి. అందులో మయూర శిఖరం 402 నంబరు ఫ్లాటు శ్రీమతి భానోజీరావుగారి పేరు మీద ఉంది.

ఆయన ఆ నోటు రెండుసార్లు చదివారు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

"ఈ 402 ప్రస్తావన అవసరమా?"

"వాస్తవం సార్."

"వాస్తవాలన్నీ రాస్తే ఫైలు ఎప్పటికీ తెగదయ్యా." తర్వాత నాయుడుగారి వైపు తిరిగి, "మానవతా దృక్పథంతో యథాస్థితి కొనసాగిద్దాం" అన్నారు.

నాయుడుగారు తలుపు దడాలున వేసి వెళ్ళిపోయారు.

అలా వాళ్ళు ఉండిపోయారు. అసిరమ్మ కిటికీ కింద మంచం వేయించుకుని, రోడ్డున పోయేవాళ్ళని పేర్లు పెట్టి పిలుస్తూ కాలక్షేపం చేసేది. ఆయాసం పోలేదు గాని తగ్గింది, పడుకుని నిద్రపోయేది. గురువులు కొత్త సైటులో వాచ్‌మన్‌గా చేరాడు. దాలమ్మ మాత్రం ఇసుక జల్లించడం మానేసింది. అద్దె వసూలుకి నెలకోసారి బయల్దేరేటప్పుడు ఆ తనిఖీ చీరల్లో ఒకటి కట్టేది. రేషను కార్డు మళ్ళీ ఇమ్మని మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. పందొమ్మిది ఇళ్ళున్నాయని మూడుసార్లూ తిరస్కరించాం.

ఈ వ్యవహారం రాజధానికి పాకింది. ఇలాగే వదిలేస్తే మిగతా పట్టణాల్లో కూడా పేదలు ఇళ్ళల్లోకి వచ్చే ప్రమాదం ఉందని బిల్డర్ల సంఘం మొరపెట్టుకుంది. ప్రభుత్వం వారు వేగంగా స్పందించారు. ఉత్తర్వులో 'వాస్తవంగా నివసిస్తూ' అన్న మాటలు తీసేసి, 'నివసించుచున్నట్లు భావింపబడుతూ' అని సవరించారు. తనిఖీలు ఎత్తేశారు. అసలు ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఒక విచారణాధికారిని పంపారు.

ఆయన మా ఆఫీసులో కూర్చుని ఫైలంతా చదివారు. భానోజీరావుగారు అప్పటికి పదోన్నతి మీద వేరే జిల్లాకి వెళ్ళిపోయారు గనక ప్రశ్నలు నన్నే అడిగారు.

"ఇంతమంది పేదలు ఒకేసారి పేదల ఇళ్ళల్లోకి ఎలా వచ్చారండీ?"

"కార్యాలయ పొరపాటు వల్ల సార్."

"అంటే ఎవరూ కావాలని చేసింది కాదు?"

"ఎవరూ కాదు సార్. మా దగ్గర ఎవరికీ అలాంటి ఉద్దేశం ఎప్పుడూ లేదు."

ఆయన తల ఊపి రాసుకున్నారు. "ఇకముందు జరగకుండా ఏం చర్యలు తీసుకున్నారు?"

సవరించిన ఉత్తర్వు చూపించాను. ఆ వాక్యం కింద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నారు. ముఖం తేటపడింది.

"బాగా రాశారు. అయితే మళ్ళీ జరగదంటారు."

"జరగదు సార్."

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత మా ఊళ్ళో ఇంకో పదకొండు అపార్టుమెంట్లు లేచాయి. మళ్ళీ జరగలేదు.